ఓడ మీద రెండు అడ్డుగోడలు

శ్రీకాకుళం జిల్లావాళ్లకి ఓడ ప్రయాణం కొత్త కాదు. ఒకప్పుడు బారువ, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి ఎందరో రంగూన్ వెళ్లారు. అక్కడివాళ్లు తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవారు. చాలామందిది డెక్కు టిక్కెట్టు. అంటే గదీ లేదు, మంచమూ లేదు. ఎండైనా వానైనా ఆరుబయటే, మూట పక్కనే పడక.

ఇప్పుడు మనవాళ్ల దారి అండమాన్‌కి. మా చిన్నాన్న పోర్ట్ బ్లెయిర్‌లో తాపీ పని చేస్తున్నాడు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గాని, మా ఇంట్లో ఇంకా పాత పేరే. కోతలయ్యాక నేనూ నాన్నా విశాఖలో ఓడెక్కాం. మాది బంకు తరగతి. కింద ఒకటే ఉక్క. రెండో రోజు పొద్దున్న గాలికని పైకొచ్చి ముందువైపు పోబోతే అడ్డంగా గొలుసు, దానికి 'ప్రవేశం లేదు' అని పలక.

"మన టిక్కెట్టుకి అటేపు ఎల్నివ్వరు గావాల్రా" అన్నాడు నాన్న.

అక్కడున్న నావికుడు భీమిలి వైపు మనిషి. నవ్వి, "ఏ టిక్కెట్టోడినీ ఎల్నివ్వం బాబూ" అన్నాడు.

ఎందుకో ఆలోచిస్తే మన ఫిజిక్సే. ఎడ్లబండి ఇరుసు మీద ఊగితే, ఇరుసు దగ్గర కూచున్నవాడికంటే కాడి దగ్గరివాడు ఎక్కువ లేచి పడతాడు. ఓడ కొస కూడా కాడి లాంటిదే. ఇక గాలి. ఓడ 15 నాట్లు, అంటే గంటకి సుమారు 28 కిలోమీటర్లు పోతోందనుకోండి. ఎదురుగాలి మరో 28 ఉంటే మనిషికి తగిలేది 56. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. అదే గాలి వెనకనుంచి వీస్తే డెక్కు మీద ఆకు కదలదు, అందుకే జనం మోసపోతారు. కొస మీద లంగరు గొలుసులు, వించీలు, తాళ్లు కాలికి అడ్డం. రేవులో ఉన్నప్పుడు ఆ తాళ్లే మరీ ప్రమాదం. గడ్డిబండికి బిగించిన మోకు తెగి మొహాన కొట్టడం మా ఊళ్లో చూశాను. ఓడ మోకు తెగితే మనిషి ప్రాణమే పోతుంది. పైగా ఆ వేగంలో ఓడ నిమిషానికి 460 మీటర్ల పైనే పోతుంది. నీళ్లలో పడ్డవాణ్ణి ఎవరో చూసి కేకేసేలోపు తల కనబడదు. ఓడ నడిపే గది, ఇంజను గదులకైతే 2004 నుంచి అంతర్జాతీయ భద్రతా నియమాల కాపలా వేరే ఉంది.

ఈ గొలుసు మీద నాకు ఫిర్యాదు లేదు. కారణం కూడా పలక మీద రాస్తే నాన్న ఆ మాట అనేవాడు కాదు.

కాని పై డెక్కు మెట్ల దగ్గర ఇంకో గేటుంది. అది క్యాబిన్ తరగతివారికి మాత్రమేనట. అక్కడ వించీ లేదు, మోకు లేదు. కుర్చీలున్నాయి, చల్లగాలి ఉంది. ఇది డబ్బు కట్టిన అడ్డు. డబ్బిచ్చినవాడికి కుర్చీ ఇస్తే ఇచ్చారు, ఒప్పుకుంటాను. 2022లో విశాఖకొచ్చిన క్రూయిజ్ ఓడలాంటి వాటిలో విహారమే సరుకు. ఖరీదైన గదులవారికి వేరే డెక్కు కేటాయించే కంపెనీలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. చిక్కేమిటంటే లైఫ్‌బోట్లు వేలాడేదీ చాలా ఓడల్లో పై అంతస్తుల్లోనే.

1912లో టైటానిక్ మునిగినప్పుడు పడవలున్న డెక్కు మొదటి, రెండో తరగతులవారు షికారు చేసే చోటు. మూడో తరగతివారికి అక్కడికి దారే సరిగా తెలీదు. మొదటి తరగతిలో నూటికి 60 మందికి పైగా బతికితే, మూడో తరగతిలో సుమారు 25 మందే. ఆ తర్వాత 1914లో సముద్ర ప్రయాణ భద్రతకు అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఒరిగిపోయాక ఇంకో నియమం బిగించారు: అంతర్జాతీయ ప్రయాణాల్లో 24 గంటలకు మించి ఉండేలా ఓడ ఎక్కినవారికి బయలుదేరకముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్లు పెట్టాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ఎక్కడ చేరాలో అందులో చూపిస్తారు.

మా ఓడలో డ్రిల్లు రోజున ఆ పై గేటు తెరిచే ఉంది. తర్వాత మూసేశారు. తిరిగొస్తూ నాన్న నావికుణ్ణి అడిగాడు: "అవసరానికి ఇది తీసేదెవుడు?"

అతను మాట్లాడలేదు. అరచేత్తో గేటు తోశాడు. తాళం లేదు, ఉత్త గడియే. నాన్న కూడా ఒకసారి తోసి చూసి, మళ్లీ తనే వేశాడు.