పెంటకుప్ప మీద గొడుగులు: తినొద్దు, పీకి పారేయనూ వద్దు

వానలు పడంగనే మా బెల్లంపల్లి దిక్కు పెంటకుప్పల మీద, పశువుల పేడ మీద గొడుగులు లేస్తయి. "ఇవి తినొచ్చా?" అని చాలామంది అడుగుతున్నరు. వీడియోలో దగ్గర నుంచి చూపించాను.

వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో పేడ మీద పెరిగే ఒక రకం సిలోసైబి క్యూబెన్సిస్. నలిపితే నీలం రంగుకు తిరుగుతుంది. దీంట్లోని సిలోసైబిన్ ఒంట్లో సిలోసిన్‌గా మారి మెదడు మీద పనిచేస్తది. లేనివి కనబడతయి, భయం పుడుతది, వాంతులూ కావచ్చు. ఈ రెండు పదార్థాలూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధం.

అసలు ప్రమాదం పోలికతో వస్తది. చూడటానికి ఇట్లాంటివే అయిన కొన్ని చిన్న గోధుమరంగు గొడుగుల్లో కాలేయాన్ని చంపే విషం ఉంటది. వండినా పోదు. తిన్న 6 గంటల తర్వాతనే వాంతులు, విరేచనాలు మొదలైతయి. మధ్యలో తగ్గినట్టు అనిపించినా లోపల కాలేయం దెబ్బతింటనే ఉంటది. "పురుగు తింటే మనమూ తినొచ్చు", "వెండి నల్లబడకపోతే మంచిదే" అనే మాటలు నమ్మకండి.

మనం తినే పుట్టకొక్కులు వేరు. వాటి వేరు లాంటి కాడ లోపలి చెదల గూడు దాకా పోతది. అవైనా తెలిసినవాళ్లు చూపిస్తేనే తెంపాలి.

పెంట మీది గొడుగులు పైరుకు చెడు చేయవు, పేడను, గడ్డిని కుళ్లబెట్టి ఎరువు చేస్తయి. వాటి పని వాటిని చేయనీయండి. ఎవరైనా తింటే లక్షణాల కోసం ఆగకుండా, మిగిలిన గొడుగు ముక్కతో సహా వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి.