బాగుచేసుకోవడమూ కొనుగోలుదారుని హక్కే!
* స్మార్ట్‌ పరికరాల తాళంచెవి కంపెనీల చేతిలో
* కొనేముందే అడిగి తెలుసుకోవడం మేలు

తణుకు: ఒకప్పుడు టీవీ మొరాయిస్తే వీధి చివరి మెకానిక్‌ గంటలో బాగుచేసి ఇచ్చేవాడు. నేడు ఆ మెకానిక్కే చేతులెత్తేయవలసి వస్తోంది. స్మార్ట్‌ టీవీలు, వాషింగ్‌ మిషన్లలో చిన్న భాగం చెడినా బోర్డు మొత్తం మార్చాలంటారు. ఆ బోర్డు బయట దొరకడం కష్టం. దొరికినా కంపెనీ సాఫ్ట్‌వేర్‌ అంగీకరించనిదే కొన్ని పరికరాలు పనిచేయవు. వాయిదాలు తీరకముందే కొత్తది కొనాల్సిన దుస్థితి సామాన్య కుటుంబాలది.

చెడిపోకున్నా మూగబోతాయి
ఇంటర్నెట్‌తో నడిచే పరికరాలది మరో చిక్కు. వాటిలో చాలావరకు కంపెనీ సర్వర్‌పై ఆధారపడతాయి. అమెరికాలో రివాల్వ్‌ అనే సంస్థ ఇంటి దీపాలు, తలుపు తాళాలను ఫోన్‌తో నియంత్రించే హబ్‌ను సుమారు 300 డాలర్లకు విక్రయించింది. 2014లో ఆ సంస్థను నెస్ట్‌ కొనుగోలు చేసింది. 2016 మేలో సర్వర్‌ సేవలు నిలిపివేయడంతో ఏ లోపమూ లేని హబ్‌లు సైతం నిరుపయోగమయ్యాయి. ఇటువంటి పరికరానికి ఎంతటి మెకానిక్‌ అయినా చేయగలిగింది స్వల్పమే.

ఏమిటీ హక్కు?
విడిభాగాలు, మరమ్మతు సమాచారం కొనుగోలుదారునికి, బయటి మెకానిక్‌కు సైతం సరసమైన ధరకు అందాలన్నదే మరమ్మతు హక్కు సారాంశం. ఫ్రాన్స్‌లో 2021 నుంచి కొన్ని పరికరాలపై మరమ్మతు సౌలభ్యాన్ని పదికి ఇన్ని మార్కులని ముద్రించే పద్ధతి మొదలైంది. ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కుపై ఆదేశం వెలువరించింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను ముఖ్య రంగాలుగా గుర్తించింది. అదే ఏడాది డిసెంబరు 24న ప్రత్యేక పోర్టల్‌ ప్రారంభమైంది. కంపెనీలను కట్టడి చేసే ప్రత్యేక చట్టం మాత్రం రాలేదు.

ఇవి అడగండి
వారంటీ తీరాక విడిభాగాలు ఎన్నేళ్లు లభిస్తాయి? సాఫ్ట్‌వేర్‌ అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారు? ఇంటర్నెట్‌ లేకున్నా పరికరం పనిచేస్తుందా? ఈ మూడింటికీ జవాబు రాబట్టి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోవాలి. బిల్లు, వారంటీ కార్డు భద్రపరచాలి.

వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయవచ్చు. అక్కడ తేలకుంటే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 చట్టం ప్రకారం వస్తువు ఎక్కడ కొన్నా, తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలుంది. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.