ఉగ్రవాద పోషక రాజ్యముల పట్టిక

ఉగ్రవాదమునకు అండనిచ్చు రాజ్యములను నిర్ణయించు అధికారమును అమెరికా కాంగ్రెసు 1979లో విదేశాంగమంత్రి కొసగెను. పట్టిక కెక్కిన రాజ్యమునకు ఆయుధవిక్రయము నిషిద్ధము; ప్రపంచ బ్యాంకు ఋణములకును అమెరికా అడ్డుచెప్పును.

1993లో సూడాను అందు చేరెను. 1998లో నైరోబీ, దారెస్సలాము నగరములందలి అమెరికా రాయబార కార్యాలయములపై జరిగిన దాడులలో రెండువందలకు పైగా మరణించిరి. ఆ బాధితుల మొర న్యాయమైనది.

అయితే పాలకుడగు బషీరు 2019లో పదవీచ్యుతుడైనను, సూడాను పేరు చెరగలేదు. బాధితులకై క్రొత్త ప్రభుత్వము 33 కోట్ల 50 లక్షల డాలర్లు సమకూర్చెను. అధ్యక్షుడు కాంగ్రెసునకు తెలిపిన పిమ్మట 45 దినముల గడువు ముగిసి, 2020 డిసెంబరు 14న విముక్తి లభించెను.

పాలకుడు తొలగినను ప్రజలు ఆ భారమును మోసిరి. కావున ఇట్టి శాసనమున శిక్ష యెంత ముఖ్యమో, విముక్తిమార్గమును అంత ముఖ్యము.