పరుగు – ఓర్పు

పరుగు మానవునికి ప్రకృతి ప్రసాదించిన విద్య. దానికి ధనం అక్కరలేదు. కాళ్లూ సంకల్పమూ ఉంటే చాలు. అయితే ప్రతి విద్యకూ ఉన్నట్లే పరుగుకూ ఒక క్రమం ఉంది. తెలుగు రాష్ట్రాలలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాన్ని ఆశించే యువకులు 1600 మీటర్ల పరుగుపరీక్షలో నెగ్గవలసి ఉంటుంది. ప్రకటన వెలువడేదాకా ఊరకుండి, ఆ మరునాటి నుంచే తెల్లవారుజామున మైళ్లకొద్దీ పరుగెత్తేవారు ఎందరో! కొన్ని వారాలకే వారిలో కొందరు కుంటుతూ ఇల్లు చేరుతారు. లోపం వారి కాళ్లలో లేదు, తొందరలో ఉంది.

పరుగెత్తేటప్పుడు నేలను తాకే కాలిపై శరీరపు బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. ఒక్క కిలోమీటరుకు దాదాపు వెయ్యి అడుగులు వేయాలి. ఈ తాకిడికి కండరాలూ ఎముకలూ సూక్ష్మంగా దెబ్బతింటాయి. విశ్రాంతివేళలో శరీరం ఆ దెబ్బలను పూడ్చుకొని మునుపటికంటె దృఢపడుతుంది. కాని అన్ని అవయవాలూ ఒకే వేగంతో దృఢపడవు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాలలోనే అలవాటుపడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకూ, ఎముకలకూ నెలలు పడుతుంది. ఊపిరి సహకరిస్తున్నదని దూరం పెంచినవానికి ఎముక ఎదురుతిరగడంలోని మర్మం ఇదే.

దీర్ఘమైన కవాతుల అనంతరం సైనికుల పాదాలు వాచి నొప్పిపుట్టడాన్ని ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లో వర్ణించాడు. 1895లో ఎక్స్‌రే కిరణాలను కనుగొన్న పిదపనే, ఆ నొప్పికి మూలం పాదపుటెముకలలోని సన్నని పగుళ్లని తేలింది. ఒక్క దెబ్బకు విరగని ఎముక వేల తాకిళ్లకు బీటవారుతుంది. నేటి పరుగువీరుల కాలి ముందెముకలో కనిపించే పగులు కూడా ఈ కోవకు చెందినదే.

కావున నొప్పుల తారతమ్యం ఎరగడం అవసరం. రెండు కాళ్ల కండరాలలోనూ సమంగా పుట్టి, రెండు మూడు రోజులలో శమించేది శ్రమఫలం. వేలితో చూపగలిగినంత ఒకేచోట నిలిచి, పరుగెత్తేకొద్దీ హెచ్చుతూ, నడక తీరును మార్చేది గాయసూచన. వాపు కనబడినా, రాత్రి నిద్రలో బాధించినా పరుగు నిలిపి వైద్యుని చూడాలి. నొప్పి తెలియకుండా మాత్ర మింగి పరుగెత్తడం కావలివాని నోరుమూసి దొంగకు తలుపు తీయడమే.

పరుగు వల్ల మోకాళ్లు అరిగిపోతాయన్న భయం లోకంలో ఉంది. 2017లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష ప్రకారం మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల వ్యాయామంగా పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తనివారిలో 10.2 శాతం, పోటీలకై తీవ్రంగా పరుగెత్తేవారిలో 13.3 శాతం. ఈ అంకెలు కార్యకారణ సంబంధాన్ని నిరూపించకపోయినా, మితమైన పరుగు కీళ్లకు శత్రువు కాదని సూచిస్తున్నాయి. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కదలికవల్లనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది.

అమెరికా క్రీడాకారిణి జోన్ బెనోయిట్ 1984 ఏప్రిల్‌లో మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొని, 17 రోజులకే ఒలింపిక్ అర్హత పరుగులో గెలిచింది. ఆగస్టు 5న లాస్ ఏంజెలిస్‌లో జరిగిన తొలి మహిళా ఒలింపిక్ మారథాన్‌లో 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో స్వర్ణం సాధించింది. లోకం ఆమె సాహసాన్నే తలచుకొంటుంది. కాని నొప్పికి మూలాన్ని వైద్యులు తొలగించిన తరువాతనే ఆమె పరుగెత్తిందన్న సంగతి మరువరాదు. ఎముక బీటవారినవారికి ఆ తొందర పనికిరాదు.

దూరాన్ని కొద్దికొద్దిగా పెంచడం, తొడలకూ పిక్కలకూ బలమిచ్చే వ్యాయామాలు చేయడం, అరిగిన బూట్లను మార్చడం, గాయం మానేవరకు వైద్యుని అనుమతితో ఈత వంటివాటిని ఆశ్రయించడం వివేకవంతుల మార్గం. సముద్రమధ్యంలో మైనాకుడు విశ్రమించమన్నా హనుమంతుడు ఆగలేదు. మనం హనుమంతులం కాము. మైనాకుని మాట వినడమే మనకు మేలు. పరుగెత్తి పాలు తాగడంకంటె నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. నిలబడవలసిన వేళ నిలబడగలిగినవాడు చాలాకాలం పరుగెత్తగలుగుతాడు.