పుస్తకాలను పడవ ఎక్కించిన పెదపాలెం
ఆనాటి స్వచ్ఛంద సేవ ఈ ఫోన్ల కాలంలోనూ అవసరమే

దుగ్గిరాల: దుగ్గిరాల పేరు చెప్పగానే పసుపు యార్డు, లాకులు గుర్తుకు వస్తాయి. ఈ మండలంలోని పెదపాలెం గ్రామానికి మరో ఘనత కూడా ఉంది. 1935లో కాలువ పడవలోకి గ్రంథాలయాన్ని ఎక్కించిన పాతూరి నాగభూషణం ఈ ఊరి బిడ్డే. ఈ సంగతి నేటి యువతరంలో చాలామందికి తెలియదు.

కృష్ణా నదిపై బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాకు సాగునీటితోపాటు పడవదారి కూడా ఏర్పడింది. దుగ్గిరాల లాకుల వద్ద నుంచి కొమ్మమూరు కాలువ సాగుతుంది. ఆ దారిన బకింగ్‌హాం కాలువలోకి చేరి మద్రాసు వరకు పడవలు వెళ్లేవి. ధాన్యం, పసుపు, కలపతోపాటు మనుషులూ పడవల్లోనే ప్రయాణించేవారు. పడవ ప్రయాణం నిదానం. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగితే పడవ కదిలేది. లాకు వద్ద ఒకవైపు తలుపులు మూసి, నీటి మట్టం సరిచేసి, రెండోవైపు తలుపులు తెరిచేదాకా ఆగాల్సిందే. అంతసేపూ ప్రయాణికులు ఊరికే కూర్చునేవారు.

ఆ ఖాళీ సమయమే పాతూరి వారి కంట పడింది.

ఏడు మైళ్ల గ్రంథాలయం

పాతూరి నాగభూషణం 1907లో పెదపాలెంలో జన్మించారు. స్వగ్రామంలో సేవాశ్రమం స్థాపించి గ్రంథాలయ కార్యక్రమాలు సాగించారు. 1935 అక్టోబరులో పెదవడ్లపూడి, కొల్లిపర గ్రామాల మధ్య సుమారు ఏడు మైళ్ల కాలువ దారిలో బోటు గ్రంథాలయం ప్రారంభమైంది. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు.

ఈ పనికి కొత్త భవనం కట్టలేదు, కొత్త యంత్రం కొనలేదు. కాలువ సర్కారుది, పడవ అంతకు ముందు నుంచీ తిరుగుతున్నదే. అందులోకి పుస్తకాలు చేర్చి, వాటిని చూసుకునే బాధ్యత కొందరు నెత్తికెత్తుకున్నారు. జనం గ్రంథాలయానికి రావడం లేదని నిష్ఠూరమాడకుండా, జనం ఉన్నచోటికే దానిని పంపించారు.

దీని వెనుక ఇరవై ఏళ్ల ఉద్యమం ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక వెలువడింది. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రలు చేస్తూ ఊరూరా తిరిగారు. గ్రంథాలయాలు నడిపేవారికి శిక్షణ తరగతులు పెట్టారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఆ కాలపు కృషికి నిదర్శనం.

కాలక్రమంలో బస్సులు, లారీలు వచ్చాయి. కాలువల మీద పడవలు కనుమరుగయ్యాయి. వాటితోపాటే బోటు గ్రంథాలయమూ పోయింది. కానీ పాతూరి వారు ఆగిపోలేదు. 1987లో కన్నుమూసే వరకు గ్రంథాలయ సేవలోనే గడిపారు. ఒక సాధనం పాతబడితే మరో సాధనం వెతుక్కోవచ్చు. పనిచేసే మనుషులు దొరకడమే కష్టం.

నేటి కాలువ ఏది?

ఇప్పుడు ఊళ్లో దాదాపు ప్రతి ఇంటా ఫోను ఉంది. ఆనాడు కాలువ ఎలాగో ఈనాడు ఫోను అలాగే. అన్ని సరుకులూ అందులోనే వస్తున్నాయి, మోసమూ అందులోనే వస్తోంది. దుగ్గిరాల పసుపు యార్డు జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ 'ఈ-నామ్'లో చేరింది. ప్రభుత్వ సేవలను వాట్సాప్ ద్వారా అందించే 'మన మిత్ర'ను రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో ప్రారంభించింది. బ్యాంకు లావాదేవీలు ఫోనులోకి వచ్చాయి.

అయితే ఫోను ఉన్నవారందరికీ దానిని వాడటం వచ్చా? పసుపు కొమ్ము చేతిలో విరిచి నాణ్యం చెప్పగల రైతు, ఆ సరుకుకు పలికిన ధరను ఫోనులో చూసుకోవడానికి మనవడి కోసం ఎదురు చూడాల్సి వస్తున్నది. దరఖాస్తు నింపడం రాక బజారుకు వెళ్లి డబ్బు ఇచ్చి నింపించుకునేవారు ఉన్నారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరో అడిగితే ఓటీపీ చెప్పేసి కష్టార్జితం పోగొట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. ఒక ముసలమ్మ పోగొట్టుకునేది నెల పింఛను కావచ్చు, రైతు పోగొట్టుకునేది పంట డబ్బు కావచ్చు. ఎవరైనా ముందుగా పక్కన కూర్చుని చెప్పి ఉంటే వీటిలో కొన్నయినా తప్పేవి.

జీతం లేని పని

వాలంటీరు అనగానే మన గ్రామాల్లో 2019 ఆగస్టులో వచ్చిన ప్రభుత్వ వ్యవస్థ గుర్తుకు వస్తుంది. యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనంతో ఆ వ్యవస్థ నడిచింది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత అది కొనసాగలేదు. దాని మంచిచెడ్డల చర్చ ఎలా ఉన్నా ఒక సంగతి స్పష్టం. సర్కారు ఉత్తర్వుతో వచ్చిన పని సర్కారు ఉత్తర్వుతోనే పోతుంది. ఊరివారు తమంతట తాము పెట్టుకున్న సంఘానికి ఆ భయం లేదు.

అటువంటి సంఘాలు నేటి సాంకేతిక రంగంలోనూ ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను జీతం తీసుకోని తెలుగువారే రాస్తున్నారు. అందులో వ్యాసాలు లక్ష దాటాయి. కంప్యూటర్ల విషయంలో 'స్వేచ్ఛ' సంస్థ ఇటువంటి పనే చేస్తోంది. అందరూ ఉచితంగా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌ను ఈ కార్యకర్తలు తెలుగులోకి తెచ్చారు. ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి పాత తెలుగు కథలను కంప్యూటరుకు ఎక్కించే పని కూడా చేయించారు.

ఊళ్లో ఏం చేయవచ్చు?

ఇందుకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఊరికి నలుగురు చదువుకున్న యువతీ యువకులు, వారానికి రెండు సాయంత్రాలు, గ్రంథాలయంలోనో రామాలయం అరుగు మీదనో కూర్చునే చోటు ఉంటే చాలు. వచ్చినవారి ఫోను చేతిలోకి లాక్కుని తామే పని చేసి పంపించకుండా, వారి చేతనే చేయించి నేర్పాలి. యార్డు ధర చూసుకోవడం, దరఖాస్తు పెట్టడం, మోసపు ఫోనును గుర్తించడం ముందుగా నేర్పదగినవి. ఓటీపీ, పిన్ను తమకు కూడా చెప్పవద్దని కార్యకర్తలు మొదటి రోజే చెప్పాలి. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చన్న సంగతి గోడ మీద రాసి పెట్టాలి.

ఆడవారు రాగలిగిన వేళ చూసి సమయం పెట్టడం ముఖ్యం. డ్వాక్రా సంఘాల సమావేశాల రోజును ఇందుకు వాడుకోవచ్చు. పెద్దలకు తెలిసిన ఊరి చరిత్రను రాసుకుని, తగిన ఆధారాలు చూసి తెలుగు వికీపీడియాలో చేర్చితే పిల్లలకూ అదొక చదువు.

శాఖా గ్రంథాలయం ఉన్నచోట అక్కడే మొదలు పెట్టడం మేలు. గ్రంథాలయాలు దానంగా వచ్చినవి కావు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. వసూలైన ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా చేరడం లేదన్న ఫిర్యాదు ఏనాటినుంచో ఉన్నదే. మన పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది.

1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన గ్రంథాలయ మహాసభకు గుర్తుగా ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. దండలు, ఉపన్యాసాలతో సరిపెట్టకుండా ఆ వారంలో ఊరూరా నలుగురి పేర్లు రాసుకుని ఈ పని మొదలు పెట్టవచ్చు. పెదపాలెం, దుగ్గిరాల, కొల్లిపర, పెదవడ్లపూడి ముందు నిలిస్తే మిగతా డెల్టా గ్రామాలు వెనుకనే వస్తాయి.