గడ్డి కోసే మిషన్‌ని పాత ఇనుముకు వేసే ముందు

వానలు మొదలైతే ఇంటి ముందు గరిక వారం తిరక్కుండానే పాదాలు మునిగేంత పెరుగుతుంది. బెంగళూరు, హోసూరు, కోయంబత్తూరు శివార్లలో ఇల్లు కట్టుకున్న మనవాళ్లు చాలామంది కాస్త జాగా వదిలి పచ్చిక వేసుకున్నారు. రాయగడ, బరంపురం వైపు పాత ఇళ్ల ఆవరణలైతే ఇంకా పెద్దవి. తోటమాలి దొరకడం కష్టమయ్యేసరికి చేత్తో తోసే లాన్ మూవర్ ఒకటి కొంటారు. మొదటి నెల బాగానే కోస్తుంది. ఆరు నెలలకు, "ఇది కొయ్యదండీ, గడ్డిని పడుకోబెట్టి పోతుంది" అని మెట్ల కిందకు చేరుస్తారు. అక్కడి నుంచి పాత ఇనుము కొట్టుకు. అలా పోయే మిషన్లలో చాలావాటికి అసలు చెడిపోయిన భాగమే ఉండదు. బ్లేడ్ల మధ్య సందు కొంచెం పెరిగి ఉంటుంది, అంతే.

ఆ సందు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మిషన్ పని తీరు తెలియాలి. చక్రాలు తిరిగితే వాటి లోపలి పళ్ల చక్రాలు మధ్యలో ఉన్న రీలును వేగంగా తిప్పుతాయి. రీలుకు మెలి తిరిగిన బ్లేడ్లు అయిదో, ఏడో ఉంటాయి. కింద కదలకుండా ఒక అడుగు బ్లేడు ఉంటుంది. తిరిగే బ్లేడు గడ్డిని దగ్గరకు లాగి అడుగు బ్లేడుకు ఆనించి కత్తిరిస్తుంది. అంటే ఇది కత్తి కాదు, కత్తెర. కత్తెర మేకు వదులైతే ఎంత పదునున్నా గుడ్డ రెండు రేకుల మధ్య మడత పడుతుంది గానీ తెగదు. ఇక్కడా అంతే.

ఈ పోలిక ఊరికే చెప్పింది కాదు. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ ఈ మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఊలు బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు మిషన్‌ను చూసి, బట్టను కత్తిరించినట్టే గడ్డినీ కత్తిరించవచ్చని అతనికి తోచింది. సోలాపూర్‌లో మగ్గాల మధ్య పెరిగిన మన పద్మశాలి కుటుంబాల వాళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు. టవలు ముఖం మెత్తగా ఉండటానికి పైపోగులను కోసే షీరింగ్ మిషన్‌లోనూ ఇదే మెలి బ్లేడు, ఇదే అడుగు బ్లేడు.

మరి ఎవరికి సరిపోతుంది? 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న పచ్చిక అనుకోండి. 16 అంగుళాల మిషన్‌తో, వరస మీద వరస కొంచెం కలిసేలా పోతే దాదాపు 18 వరసలు. మొత్తం నడక 165 మీటర్లు. వీధి చివర పాలకు వెళ్లి వచ్చినంత. ఈపాటి దానికి పెట్రోలు మిషన్ కొనడం దండగ అని నా అభిప్రాయం. 12 అంగుళాలదైతే తేలిగ్గా కదులుతుంది, కానీ వరసలు 25 అవుతాయి. ఇంట్లో అరవై దాటినవాళ్లు తోసేటట్టయితే అయినా చిన్నదే మేలు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, గడ్డి కన్నా కలుపు మొక్కలే ఎక్కువున్నా ఈ మిషన్ వద్దు. ముదురు కాడలకు రీలు ఆగిపోతుంది.

గడ్డి రకం కూడా చూసుకోవాలి. మన గరికనే నర్సరీల్లో తమిళంలో అరుగంపుల్, కన్నడంలో గరికె, ఒడియాలో దూబ, మరాఠీలో దూర్వా లేదా హరళీ అంటారు. వినాయకుడికి పెట్టేది ఇదే. చేతి మిషన్‌కు ఇంతకన్నా అనువైన గడ్డి లేదు. మెక్సికన్ గ్రాస్ అని అమ్మేది ఒత్తుగా, బిరుసుగా ఉంటుంది. కోయవచ్చు గానీ బ్లేడ్లు తొందరగా మొద్దుబారతాయి, వారాలు వదిలేస్తే తోయడానికి భుజాలు నొప్పెడతాయి. చెట్ల నీడలో వేసే వెడల్పాకు గడ్డిని కాస్త ఎత్తుగా ఉంచాలి. చాలా చేతి మిషన్లు అంత ఎత్తులో కోయలేవు.

కొట్లో రంగు, స్టిక్కర్ల కన్నా ముందు రెండు చూడండి. అడుగు బ్లేడును సరిచేసే స్క్రూలు రెండు వైపులా చేతికి అందేలా ఉన్నాయా? మిషన్‌ను పైకెత్తి చక్రం తిప్పితే రీలు ఒకే తీరుగా తిరుగుతోందా, ఒకచోట పట్టేస్తోందా? కోత ఎత్తు మార్చే ఏర్పాటు, విడిగా దొరికే అడుగు బ్లేడు ఉంటే ఇంకా మంచిది. విడి భాగాలు దొరకవనే కొట్లో ఎంత తక్కువకిచ్చినా కొనకండి.

ఇక అసలు పని. మిషన్‌ను చదునైన చోట తలకిందులుగా పెట్టి, తోలు గ్లోవ్స్ వేసుకోండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. ఒక బ్లేడును వేలితో నెడితే వెనక బ్లేడు అదే వేలి మీదకు వస్తుంది. ఇంజను లేదు కదా అనే ధీమాతోనే వేళ్లు తెగుతాయి. అందుకని రీలును ఎప్పుడూ కర్రముక్కతోనే తిప్పాలి.

పాత వార్తాపత్రిక నుంచి జానెడు పొడవు చీలిక కోసి, ఒక కొస పట్టుకుని రెండో కొసను అడుగు బ్లేడు మీద ఉంచండి. రీలును మెల్లగా తిప్పితే కాగితం చక్కగా తెగాలి. ఎడమ చివర, మధ్యలో, కుడి చివర, మూడు చోట్లా చూడాలి. మడత పడితే అక్కడ సందు ఎక్కువుందన్న మాట. చాలా మిషన్లలో అడుగు బ్లేడుకు ఒక్కో వైపు రెండేసి స్క్రూలుంటాయి. ఒకటి వదులు చేసి రెండోది బిగిస్తే బ్లేడు రీలు వైపు జరుగుతుంది. ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతు మించకండి. కొంచెం తిప్పడం, కాగితం చూడటం, మళ్లీ కొంచెం తిప్పడం. మొదటిసారి అరగంట పడుతుంది. తర్వాత పది నిమిషాలు చాలు.

ఎక్కువ బిగించడమూ తప్పే. బ్లేడ్లు గట్టిగా రాసుకుంటే కీచుమంటాయి, తోయడం బరువవుతుంది, రెండూ అరిగిపోతాయి. కాగితం తెగుతూనే రీలు తేలిగ్గా తిరగాలి. పచ్చికలో ఒక పక్క మాత్రమే సన్నని గీతలా గడ్డి మిగిలిపోతుంటే ఆ పక్క స్క్రూలే సరిచేస్తే సరిపోతుంది.

సందు సరిగ్గా ఉన్నా కాగితం చిరుగుతుంటే అప్పుడు పదును పోయినట్టు. కోసిన మర్నాడు గడ్డి కొనలు తెల్లబారి పీచుపీచుగా కనిపించడం కూడా దానికి గుర్తే. రీలును ఆకురాయితో రుద్దకండి, మెలి చెడుతుంది. ఆటోమొబైల్ కొట్లలో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టును బ్లేడ్ల అంచులకు బ్రష్షుతో పూసి, రీలును వెనక్కి తిప్పుతూ ఉంటే రెండు అంచులూ ఒకదానికొకటి అరిగి కుదురుకుంటాయి. చక్రాన్ని వెనక్కి తిప్పితే రీలు కదలదు. చాలా మోడళ్లలో చక్రాలు ఊడదీసి, లోపలి చిన్న పళ్ల చక్రాలను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చాలి. తీసే ముందు ఫోనులో ఫోటో తీసుకోండి. చేతకాదనిపిస్తే సైకిల్ మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లి ఈ పద్ధతి చెప్పండి, చేసిపెడతాడు. తర్వాత పేస్టు అణువంత మిగలకుండా కడిగి, మళ్లీ కాగితం పరీక్ష చేయాలి.

రోజువారీ సంరక్షణకు పెద్ద తంతు లేదు. కోసే ముందు పచ్చికలో రాళ్లు, మేకులు, తీగముక్కలు ఏరేయాలి. మన ఇళ్లలోనైతే ఎండిన కొబ్బరి ఈనెలు, చిప్ప పెంకులు కూడా. ఒక్క రాయి చాలు అంచు విరగడానికి. కోశాక గడ్డి దులిపి, పొడిగుడ్డతో తుడిచి, బ్లేడ్లకు పల్చగా నూనె రాయండి. యానాం, చెన్నై, గోపాలపురం లాంటి తీర ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఒక్కసారి కూడా మానకూడదు. ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. కొబ్బరినూనె వాడితే జిగటగా మారి దుమ్ము పడుతుంది, కుట్టుమిషన్ నూనె మంచిది.

ఒకేసారి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. గరికను మూడు సెంటీమీటర్లు ఉంచాలంటే నాలుగున్నరకు రాగానే కోయాలి. కర్ణాటక, సోలాపూర్ వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, తమిళనాడు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికి ఒకసారి, గట్టిగా వానలు పడితే రెండుసార్లు పని ఉంటుంది. ఊరెళ్లి మూడు వారాలకు తిరిగొస్తే ముందు కొడవలితో పై భాగం తగ్గించి, రెండు మూడు రోజులాగి మిషన్ తీయండి. తడిగడ్డి రీలుకు చుట్టుకుంటుంది కాబట్టి మంచు ఆరాకే కోయాలి.