మానసిక వ్యాధులకు చికిత్స (చేవెళ్ల, మొయినాబాదు)

చేవెళ్ల, మొయినాబాదు తెలంగాణ రాష్ట్రం రంగారెడ్డి జిల్లాకు చెందిన మండల కేంద్రాలు. రెండూ హైదరాబాదు - బీజాపూర్ రహదారిపై ఉన్నాయి. ఇక్కడి వారికి మానసిక వైద్యం అంత దూరం కాదు. అయినను రోగి వైద్యుని చేరేలోగా విలువైన కాలం గడచిపోవచ్చును.

జాప్యానికి కారణాలు
తీవ్రమైన మానసిక వ్యాధిలో తనకు జబ్బు ఉన్నదని రోగి గ్రహించలేకపోవచ్చు. కనుక ఎక్కడికి తీసుకొని వెళ్ళాలో సాధారణంగా ఇంటివారే నిర్ణయిస్తారు. తనలో తాను మాట్లాడుకొనుట, అకారణమైన అనుమానం వంటి లక్షణాలను గాలి సోకడంగానో, బాణామతిగానో తలచి భూతవైద్యుని ఆశ్రయించే అలవాటు తెలంగాణ పల్లెలలో ఉన్నది. కుంగుబాటు తలనొప్పి, నీరసం, నిద్రలేమి రూపంలో కనిపించినప్పుడు ఊరి ఆర్.ఎం.పి. వద్ద సూదిమందుతో సరిపెట్టుకొంటారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వివిధ మానసిక వ్యాధులలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

మొక్కులు, దైవదర్శనం మనసుకు ఊరట కలిగించవచ్చు. వాటికోసం మందులు మానవలసిన పనిలేదు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగష్టు 6న జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది రోగులు మరణించారు.

చికిత్స లభించే చోట్లు
మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారిని సంప్రదించవచ్చును. మొయినాబాదు మండలం ఎన్కేపల్లిలోను, చేవెళ్లలోను వైద్య కళాశాలల బోధనాసుపత్రులు ఉన్నాయి. హైదరాబాదులోని ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఈ ప్రాంతానికి పెద్ద ఆసుపత్రి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవ ద్వారా 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.

కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా గుణం లేదని, తరువాత నయమైనదని, వైద్యుని అడుగకుండా మందులు ఆపరాదు. అలా ఆపితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదమున్నది.

చట్టం
2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక చికిత్స పొందడం దీని ప్రకారం ప్రతివారి హక్కు. రోగిని గొలుసులతో బంధించుట నిషిద్ధం. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. కనుక పురుగుమందు త్రాగినవారిని పోలీసు కేసు భయంతో ఇంట దాచక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ప్రాణాపాయం తప్పిన పిదప మానసిక వైద్యునికి చూపించుట కూడ అంతే అవసరం.